హాస్టల్ గదికి మూడు వేల లోపు మైక్రోస్కోప్: ఆరు నెలలు వాడాక

గుంటూరు కొత్తపేటలో, ఆసుపత్రుల మధ్య సర్జికల్ సామాన్లు అమ్మే వీధిలో ఒక చిన్న కొట్టులో కొన్నాను. పేరున్న కంపెనీది కాదు. కింద అద్దం ఉండే మామూలు స్టూడెంట్ మైక్రోస్కోపే. కన్ను పెట్టి చూసే ఐపీస్ 10ఎక్స్, కింద లెన్సులు రెండు, 10ఎక్స్, 45ఎక్స్. అంటే 100 రెట్లు, 450 రెట్లు. చెక్క పెట్టెతో కలిపి మూడు వేల లోపే అయింది. నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బోటనీ మొదటి సంవత్సరం నాది, ఆరు నెలలుగా ఇది నా మంచం పక్కనే ఉంటోంది.

డిగ్రీలో మా కాలేజీలో ఒక్క మైక్రోస్కోప్‌కి ఎనిమిది మందిమి. నా వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేసేవాళ్ళు, రికార్డులో నేను వేసిన బొమ్మలన్నీ పుస్తకంలో చూసి వేసినవే. ఇక్కడికొచ్చాక ఒకరోజు ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే ప్రాక్టికల్‌లో టెస్ట్‌ట్యూబ్‌లో నీలం రంగు మెల్లగా తేలుతుంటే, "ఫిస్కే-సుబ్బారో పద్ధతి అని రాసుకున్నారు కదా, ఆ సుబ్బారో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే" అన్నారు మేడమ్. 1925 నాటి పద్ధతి, మా చేతుల్లో ఇంకా పనిచేస్తోంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కళ్ళతో చూడకుండా ఇంకెన్నాళ్ళు బొమ్మలు వేస్తాననిపించి, ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు తీసుకుని శనివారం గుంటూరు బస్సెక్కాను.

ఉల్లిపాయను గ్లాసు మీద అడుగు తడిసేలా పెడితే నాలుగు రోజుల్లో తెల్లటి వేర్లు దిగాయి. పొద్దున్నే కొసలు కోసి, ల్యాబ్‌లో అడిగి ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, పైన కప్పే పల్చటి గాజుబిళ్ళ, కవర్ స్లిప్ మీద బొటనవేలితో నొక్కి స్లైడ్ గదికి తెచ్చుకున్నాను. 450లో, ఒక కణంలో, ఎర్రటి దారప్పోగుల్లా క్రోమోజోములు రెండు గుంపులై చెరో వైపుకీ జరిగి ఉన్నాయి! వేరు కణంలో 16 ఉంటాయని చదివినదాన్ని, విడిపోకముందున్న ఇంకో కణం పట్టుకుని అరగంట లెక్కపెట్టి 12 దగ్గర ఆగిపోయాను. రూమ్మేట్‌ని లేపి చూపించాను. తనది ఎకనామిక్స్, కళ్ళు నులుముకుంటూ చూసి "మనం తినే ఉల్లిపాయేనా ఇది" అంటూ మళ్ళీ మళ్ళీ చూసింది. ఆ తర్వాత వరిగడ్డి నానబెట్టిన నీళ్ళలో పారమీషియం అనే ఏకకణజీవి, మిరపాకు అడుగున పత్రరంధ్రాలు, అన్నీ ఇద్దరం కలిసే చూశాం.

లోపాలున్నాయి. రెండో నెలలోనే ఫోకస్ మర జారిపోయింది, కొట్టాయన డబ్బులు తీసుకోకుండానే బిగించి ఇచ్చారు గానీ నాకు రెండుసార్లు తిరుగుడు తప్పలేదు. అంచుల్లో బొమ్మ మసక. రాత్రిపూట ఫోన్ టార్చికి తెల్లకాగితం అడ్డం పెట్టి అద్దం మీదికి వేసుకోవాలి. అద్దాన్ని సూర్యుడికేసి మాత్రం ఎప్పుడూ తిప్పొద్దు, కళ్ళు పోతాయి. వానాకాలం లెన్సుకి బూజు పడుతుంది కాబట్టి పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి. బ్యాక్టీరియా చూద్దామనుకునేవాళ్ళకి ఇది సరిపోదు, వాళ్ళకి ఆయిల్ వేసి చూసే 100ఎక్స్ లెన్సు కావాలి. మిగతావాళ్ళు ధైర్యంగా కొనుక్కోవచ్చు.

కొనేటప్పుడు ఒక ఉల్లిపొర స్లైడ్ వెంట తీసుకెళ్ళండి. పగలు, కొట్టు గుమ్మం దగ్గర వెలుతురులో పెట్టి 45ఎక్స్‌లో చూడండి. పక్కనుంచి చూస్తూ లెన్సుని స్లైడ్ దగ్గరికి దించి, తర్వాత ఐపీస్‌లో చూస్తూ పైకి తిప్పండి. వదిలేసినా ఫోకస్ నిమిషంపాటు జారకుండా నిలబడితేనే డబ్బులివ్వండి.