గీతలున్న కప్పు: అధిక రక్తస్రావంతో పద్దెనిమిది నెలల వాడకం

నెలసరి రెండో రోజున గంటకో ప్యాడ్ మార్చుకోవలసి వచ్చే స్త్రీకి, దుకాణాల్లో దొరికే వస్తువులపై వచ్చే సమీక్షలు అంతగా ఉపయోగపడవు. రోజుకు నాలుగు ప్యాడ్లతో సరిపోయేవారు రాసిన మాటలు వారికి నిజమే అయినా, నాలాంటివారికి ఆ లెక్కలేవీ కుదరవు. నాకు 41 ఏళ్లు. పుట్టింది కడపలో, 14 ఏళ్లుగా ఉంటున్నది బెంగళూరు మారతహళ్లిలో. పద్దెనిమిది నెలలుగా వాడుతున్న, యోనిలో పెట్టుకుంటే రక్తాన్ని పట్టి ఉంచే సిలికాన్ నెలసరి కప్పు గురించీ, దానికి తోడుగా కొన్న, రక్తాన్ని పీల్చుకునే పొరలున్న పీరియడ్ ప్యాంటీల గురించీ, అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా వాడిన ప్యాడ్ల గురించీ, అధిక రక్తస్రావం ఉన్నవారికి పనికొచ్చే మేరకు ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. వైద్య ప్రమాణాల సిలికాన్‌తో చేసి, లోపల మిల్లీలీటర్ల గీతలు గీసి ఉన్న పెద్ద సైజు కప్పు ఏదైనా ఇంచుమించు ఇలాగే పని చేస్తుంది. ఆ గీతలు మాత్రం తప్పనిసరిగా ఉండాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు ప్యాడ్ల సంగతి. అన్నిటికంటే పొడవైనవి, రాత్రికని అమ్మేవి, వెనుక భాగం వెడల్పుగా ఉన్నవి కొన్నా నాకు మరకలు ఆగలేదు. దానికి కారణం ప్యాడ్ నాణ్యత తక్కువ కావడం కాదని చాలా ఆలస్యంగా అర్థమైంది. ప్యాడ్ లోపల ద్రవాన్ని జెల్‌గా మార్చే పొడి ఉంటుంది. నెమ్మదిగా వచ్చే స్రావాన్ని అది బాగా పట్టి ఉంచుతుంది. కాని కూర్చున్నచోటు నుంచి లేవగానే ఒక్కసారిగా దిగే రక్తాన్ని అంత వేగంగా లోపలికి తీసుకోలేదు. రక్తపు గడ్డలైతే అసలు ఇంకవు, పైనే నిలిచి పక్కలకు జారిపోతాయి. పడుకున్నప్పుడు ప్యాడ్ మధ్యభాగం పొడిగానే ఉండగా, రక్తం వెనుకగా నడుము వైపు పారి పరుపుకు చేరుతుంది. అందుకే రెండు ప్యాడ్లను ఒకదాని వెనుక ఒకటి అతికించుకునేదాన్ని, మంచం మీద పాత దుప్పటిని నాలుగు మడతలు వేసి పరుచుకునేదాన్ని, ముదురు రంగు బట్టలు తప్ప మరేవీ కట్టుకునేదాన్ని కాదు. ఆఫీసులో కుర్చీలోంచి లేచేముందు ఎవరైనా వెనుక ఉన్నారేమోనని చూసుకోవడం ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది.

బెంగళూరు నుంచి మదనపల్లె, రాయచోటి మీదుగా కడపకు రాత్రి బస్సులో వెళ్లడం నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది. బస్సు దారిలో ఒక్కచోట ఆగుతుంది. ఆ ఒక్కసారి దిగి ప్యాడ్ మార్చుకుంటే తెల్లవారేదాకా ఓర్చుకోవాలి. మూడేళ్ల కిందట వదిన సీమంతానికి వెళ్తున్నప్పుడు బెర్తు మీద పెద్ద మరక పడింది. బస్సు దిగేటప్పుడు నా చున్నీతో దాన్ని కప్పేసి వచ్చాను. ఆ చున్నీ కోసం వెనక్కి వెళ్లలేకపోయిన బాధ ఈ సమీక్ష రాస్తున్నప్పుడు కూడా గుర్తుకొచ్చింది.

ఏ వస్తువులో ఎంత పడుతుందన్నది అట్ట మీది మాటలను బట్టి తెలియదు. తయారీదారులు సాధారణంగా నీటితోనో ఉప్పునీటితోనో పరీక్షిస్తారు. రక్తం వాటికంటే చిక్కన. 2023లో అమెరికాలోని ఒరెగాన్ పరిశోధకులు, రక్తనిధిలో గడువు దాటిన ఎర్రరక్తకణాలను ఉపయోగించి 21 రకాల నెలసరి వస్తువులను పరీక్షించారు. అన్నిటికంటే ఎక్కువ పట్టింది డిస్కులలో, అంటే కప్పులాగే లోపల పెట్టుకునే వెడల్పాటి గిన్నెల్లాంటి వాటిలో, సగటున 61 మిల్లీలీటర్లు. అన్నిటికంటే తక్కువ పీరియడ్ ప్యాంటీలలో, సగటున 2 మిల్లీలీటర్లు. కప్పులు, ప్యాడ్లు, లోపల పెట్టుకునే దూది చుట్టలైన టాంపాన్లు ఈ రెండిటికీ మధ్యన ఉన్నాయి. అంటే పెద్ద ప్యాడ్ కంటే కప్పు ఎన్నో రెట్లు ఎక్కువ పట్టదు. అయినా నా విషయంలో కప్పే మేలైంది, ఎందుకంటే అది పీల్చుకోదు, నింపుకుంటుంది. రక్తం ఎంత వేగంగా వచ్చినా, గడ్డలుగా వచ్చినా నేరుగా అందులో పడుతుంది.

నేను కొన్నది 499 రూపాయలది, అంచు వరకు 32 మిల్లీలీటర్లు పట్టేది. అంతకుముందు ప్యాడ్లకు నెలకు 400 రూపాయలకు పైగా ఖర్చయ్యేది కనుక రెండో నెలకే దాని ధర తిరిగి వచ్చేసింది. సరిగ్గా చూసుకుంటే కప్పు పదేళ్ల దాకా మన్నుతుంది. సైజు ఎంచుకోవడంలో మాత్రం మొదట పొరపడ్డాను. కాన్పు అయినవారికి పెద్దది అన్న ఒక్క నియమమే చూశాను గాని, గర్భాశయ ముఖద్వారం ఎంత ఎత్తులో ఉందన్నది కూడా చూడాలని తెలియలేదు. నెలసరి రోజుల్లో శుభ్రమైన వేలితో తడిమి చూస్తే అది తెలుస్తుంది. కిందికి ఉన్నవారికి పొడవైన కప్పు గుచ్చుకుంటుంది. నాకు కప్పు కింది కాడను దాదాపు పూర్తిగా కత్తిరించాక గాని సుఖంగా అనిపించలేదు.

మొదటి రెండు నెలలు కప్పు కూడా కారిందని నిజాయతీగా చెప్పాలి. మడిచి లోపలికి పెట్టాక అది పూర్తిగా విచ్చుకోకపోతే పక్కన మడత మిగిలి, అందులోంచి రక్తం దిగిపోతుంది. చాలామంది చెప్పే సి ఆకారపు మడత నాకు కుదరలేదు. అంచును ఒక వైపు వేలితో లోపలికి నొక్కే మడతతో పని జరిగింది. పెట్టాక చుట్టూ వేలు తిప్పి చూసుకోవడం, కప్పును కొద్దిగా తిప్పడం ఒక నిమిషం పని, కాని ఆ నిమిషం దాటవేసిన ప్రతిసారీ మరక పడింది. అంచు కింద ఉండే చిన్న రంధ్రాలు పూడుకుపోయినా కారుతుంది; కప్పును నీళ్లతో నింపి అరచేత్తో మూసి పిండితే అవి శుభ్రమవుతాయి. కప్పులపై వచ్చిన 43 అధ్యయనాలను కలిపి 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రిక ప్రచురించిన సమీక్ష కూడా, కారడం విషయంలో కప్పు ప్యాడ్లకు సమానంగానో మెరుగుగానో ఉందని చెబుతూనే, అలవాటు పడడానికి కొన్ని నెలలు పడుతుందని గుర్తు చేసింది. మొదటి నెలకే విసిగి పారేయవద్దని నా మనవి.

అలవాటు అయ్యాక రెండో రోజున గంటకోసారి కాకుండా మూడు గంటలకోసారి మరుగుదొడ్డికి వెళ్తే సరిపోయింది. పన్నెండు గంటల దాకా ఉంచుకోవచ్చని అట్ట మీద రాసే మాట నాలాంటివారికి వర్తించదు. నిండితే అదీ పొంగుతుంది. రాత్రి రెండున్నరకు అలారం పెట్టుకుని లేచి ఖాళీ చేసుకునేదాన్ని. అలా లేవాల్సి వచ్చినా, నెలసరి రెండో రాత్రి పరుపు మీద మరక పడకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఇక గీతల సంగతి. ఖాళీ చేసే ప్రతిసారీ ఎంత ఉందో చూసి ఫోనులో రాసుకోవడం మూడో నెలలో మొదలుపెట్టాను. ఆ నెల రెండో రోజు లెక్క 145 మిల్లీలీటర్లు, మొత్తం ఏడు రోజులకు 340. నెలసరికి 80 మిల్లీలీటర్లకు మించి రక్తం పోతే అధిక రక్తస్రావమని వైద్యులు చాలాకాలంగా చెప్పే ప్రమాణం. కప్పులో చేరేదంతా రక్తమే కాదు, గర్భాశయ పొరా, ఇతర స్రావాలూ కలిసి ఉంటాయి. అందులో సగమే రక్తమనుకున్నా నాకు పోతున్నది ఆ హద్దుకు రెండింతలు దాటింది. అంతకుముందు నాలుగేళ్లలో ఇద్దరు డాక్టర్లకు చెప్పుకున్నాను. ఎన్ని ప్యాడ్లు అని అడిగేవారు, చెబితే “కొందరు తడవగానే మార్చేస్తారు లెండి” అనేవారు, “నలభై దగ్గర పడుతున్నప్పుడు ఇది మామూలే” అని ఐరన్ మాత్రలు రాసి పంపేవారు. అమ్మ కూడా మన ఇంట్లో ఆడవాళ్లందరికీ ఇంతే అనేది. ఈసారి మూడు నెలల లెక్కలు తీసుకుని మరొక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి అదే రోజు రక్తపరీక్షలూ స్కానింగూ రాశారు.

హిమోగ్లోబిన్ 8.1 ఉంది, గర్భిణి కాని స్త్రీకి 12 కంటే తక్కువైతే రక్తహీనతగా లెక్క. ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ 5 మాత్రమే. మెట్లెక్కితే ఆయాసం, రాలిపోతున్న జుట్టు, మధ్యాహ్నానికే ముసురుకునే నిస్సత్తువ, ఇవన్నీ పని ఒత్తిడి వల్లనని ఇన్నేళ్లూ అనుకున్నాను. గర్భాశయం లోపలికి పొడుచుకువచ్చిన ఫైబ్రాయిడ్ కణితి ఒకటి స్కానింగులో కనిపించింది. థైరాయిడ్ లోపం, గర్భాశయ కండరంలోకి లోపలి పొర చొచ్చుకుపోయే ఎడినోమయోసిస్, రక్తం గడ్డకట్టడంలో పుట్టుకతో వచ్చే లోపాలు, కాపర్ టి వంటివి కూడా ఇంతటి రక్తస్రావానికి కారణాలు కావచ్చని ఆమె వివరించారు. స్రావం ఉన్న రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలతో మొదటి నెలలోనే తేడా తెలిసింది. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి ఆ మాత్రలు ఇవ్వరు కనుక, ఎవరో వాడారని విని మందుల షాపులో కొనుక్కోకూడదు. ఆ కణితిని ఏడు నెలల కిందట కెమెరా గొట్టంతో లోపలి నుంచే, కోత లేకుండా తీసివేశారు. తర్వాత డాక్టరమ్మ సరే అనేదాకా కప్పు పెట్టుకోలేదు, ప్యాడ్లే వాడాను.

పీరియడ్ ప్యాంటీలు మూడు కొన్నాను. ఒక్కటీ నాలుగు ప్యాడ్లకు సమానమన్న మాట అట్ట మీద ఉంది. రెండో రోజు దాన్ని ఒంటరిగా నమ్ముకుంటే అరగంట కూడా ఆగలేదు. కాని కప్పు పక్కనుంచి జారే నాలుగు చుక్కలను బట్టకు అంటనివ్వకుండా ఆపడానికి దానంత హాయైనది మరొకటి లేదు. చన్నీళ్లలోనే ఉతకాలి, వేడి నీళ్లు తగిలితే మరక గట్టిపడుతుంది. జూలై, ఆగస్టు ముసురు రోజుల్లో బెంగళూరులో అవి ఆరడానికి రోజున్నర పట్టింది కాబట్టి మూడుకు తక్కువైతే చాలవు.

మా అపార్టుమెంటులో బోరు నీళ్లు. ఆ నీటిలో కప్పును అయిదు నిమిషాలు మరిగిస్తే సుద్దలాంటి తెల్లని పొర పట్టి అంచు గరుకుగా మారింది. అప్పటినుంచి తాగే నీటిలోనే మరిగిస్తున్నాను, పొర పోయింది. పరిమళపు సబ్బు వద్దు, మూత బిగించిన డబ్బాలో దాచవద్దు, గుడ్డసంచి చాలు. ఆఫీసు మరుగుదొడ్డిలో వాష్‌బేసిన్ తలుపు బయట ఉంటుంది కనుక చేతులు ముందే కడుక్కుని, చిన్న నీళ్ల సీసా లోపలికి తీసుకెళ్తాను. ఈ నగరంలో వాడిన ప్యాడ్లను వార్తాపత్రికలో చుట్టి, పైన ఎర్ర గుర్తు పెట్టి చెత్తబండికి వేరుగా ఇవ్వాలి. నెలకు ముప్పై పొట్లాలు కట్టిన నాకు, అవన్నీ చేతితో వేరుచేసే పారిశుద్ధ్య కార్మికురాలి ముఖం చూడడం ఎప్పుడూ కష్టంగానే ఉండేది.

గర్భం రాకుండా గర్భాశయంలో అమర్చే కాపర్ టి గాని హార్మోను కాయిల్ గాని ఉన్నవారు డాక్టరును అడిగే కప్పు మొదలుపెట్టాలి. కప్పును లాగేటప్పుడు దాని అడుగు భాగాన్ని నొక్కి గాలి పట్టు విడిపించకపోతే ఆ కాపర్ టి గాని కాయిల్ గాని చోటు తప్పే ప్రమాదం ఉంది. కప్పు వాడుతున్నప్పుడు ఉన్నట్టుండి అధిక జ్వరం, ఒంటి మీద దద్దు, కళ్లు తిరగడం వస్తే వెంటనే తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి. అవి టాక్సిక్ షాక్ సిండ్రోమ్ లక్షణాలు కావచ్చు; చాలా అరుదే గాని అది ప్రాణం మీదికి వచ్చే జబ్బు. లోపలికి వేలు పెట్టుకోవడమే ఇష్టం లేనివారు బలవంతంగా అలవాటు చేసుకోనక్కరలేదు. ఎన్ని ప్యాడ్లు ఎంతమేర తడిశాయో, ఎంతెంత గడ్డలు పడ్డాయో బొమ్మల పట్టికలో గుర్తు పెట్టే పద్ధతి 1990 నుంచి ఉంది, దాన్ని డాక్టరును అడగవచ్చు.

పోయిన నెల నా లెక్క మొత్తం 110 మిల్లీలీటర్లు, హిమోగ్లోబిన్ 11.6. కడపలో ఉన్న అక్కకు ఈ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నాకూ అంతేనే, ఎవరితో చెప్పుకోవాలో తెలీక ఊరకుండిపోయినా” అంది. ఆమెకు గీతలున్న కప్పు ఒకటి, పీరియడ్ ప్యాంటీలు మూడు పంపించాను. వచ్చే నెల డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్తున్నాం.