గవర్నమెంట్ బడులకు స్పెషల్ రేటంటూ అమ్ముతున్న కంప్యూటర్లతో జాగ్రత్త

మన టీచర్ల గ్రూపుల్లో ఒక కొటేషన్ తిరుగుతోంది కదా, "గవర్నమెంట్ స్కూళ్లకు స్పెషల్ రేటు" అని, సికింద్రాబాద్ షాపుది. పేరు రాయను, చూసినవాళ్లకు తెలుసు. ఇంటెల్ ఐ5 ప్రాసెసర్ ఎనిమిదో జనరేషన్ (ఈ అంకె ఎంత పెద్దదైతే అంత కొత్తది), 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, మానిటర్, ఏడాది వారంటీ, జీఎస్టీతో కలిపి సెట్టు 16,500. మా జడ్పీ హైస్కూల్‌కి పది సెట్లు తీసుకున్నాం. దయచేసి మీరు తీసుకోకండి.

ఈ డబ్బు ఎలా పోగైందో చెప్తాను. మా బడిలో పిల్లలు వంద దాటినా 250 లోపే, కాబట్టి బడి ఖర్చులకు ఇచ్చే సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంట్ ఏడాదికి 50,000. అందులో కనీసం 10 శాతం స్వచ్ఛతకే పెట్టాలి. చాక్‌పీసులు, రిజిస్టర్లు, విరిగిన కుళాయిలు, చిన్నాచితకా రిపేర్లు అన్నీ మిగిలినదాంట్లోనే. కంప్యూటర్లకు అందులోంచి రూపాయి తీయలేం. అందుకే మా పాత పదో తరగతి బ్యాచ్‌లవాళ్లు తలా ఇంత వేసుకున్నారు. గల్ఫ్‌లో డ్రైవింగ్ చేసే పిల్లాడు ఒకడు జీతం పడగానే పంపాడు, "మా చెల్లెలు ఆ బడిలోనే ఉంది కదా మేడం" అని. కొత్తవి పది కొనే శక్తి ఎటూ లేదు కాబట్టి రిఫర్బిష్డ్, అంటే వాడినవాటిని బాగుచేసి అమ్మేవి అనుకున్నాం, అందులో తప్పేమీ లేదు, మంచివి దొరికితే ఐదారేళ్లు నడుస్తాయి.

షాపులో ఆన్ చేసి చూపించిన మెషీన్ నిజంగా ఎనిమిదో జనరేషనే. సగం అడ్వాన్స్ కట్టాం. సరుకు మాత్రం బడి వదిలే వేళకు దింపి, మిగతా సగం తీసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. డబ్బాల మీద ఐ5 స్టిక్కర్లు తళతళా మెరుస్తున్నాయి. తీరా ల్యాబ్‌లో పెట్టి ఒక్కొక్కటి ఆన్ చేస్తే స్క్రీన్ మూల విండోస్ యాక్టివేట్ చేసుకోమని మెసేజ్, అంటే లైసెన్స్ వేయకుండానే ఇచ్చారు. మెషీన్ లోపల ఏముందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ఐ5-4570. 2013లో వచ్చిన నాలుగో జనరేషన్ ప్రాసెసర్ అది! సగం వాటిలో ర్యామ్ 4 జీబీయే. వేసి ఇచ్చింది విండోస్ 10, దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్, అంటే ఉచిత సెక్యూరిటీ అప్డేట్లు, 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా తీసుకుంటుంది. మేం ఎనిమిదే కావాలని పట్టుబట్టింది అందుకే, ఆ సంగతి షాపతనికి అక్కడే వివరంగా చెప్పాను కూడా.

ఫోన్ చేశాను. హెచ్‌ఎం సార్ కూడా వింటారని స్పీకర్‌లో పెట్టాను. పక్కనే ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు మౌస్‌లు తగిలిస్తున్నారు. అతను తడబడలేదు, పొరపాటున వేరే లాట్ వచ్చిందని అబద్ధమైనా ఆడలేదు. "గవర్నమెంట్ బడి పిల్లలే కదా మేడం, వాళ్లకి పెయింట్, టైపింగ్ చాలు. ఏ జనరేషన్ అయితే ఏముంది? వాళ్ల ఇళ్లల్లో అసలు కంప్యూటర్ ఉందా?" అన్నాడు. పిల్లలు విన్నారు. వైర్లు చేతిలో పట్టుకుని నా మొఖం వైపు చూశారు. డబ్బు సంగతి అటుంచండి, ఆ మాటకే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. మా పిల్లలు స్క్రాచ్‌లో కోడింగ్ చేసి సొంతంగా ఆటలు తయారు చేస్తారు, వాళ్లకు ఏం చాలుతుందో తేల్చడానికి అతనెవరు? ఆ నాలుగో జనరేషన్ మెషీన్ల మీద విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుని వాడుకోవచ్చు, కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా లినక్సే నడుస్తోంది, నేనూ ఇప్పుడు అదే వేస్తున్నాను. కానీ వాటి ధర వాటికి తీసుకోవాలి, ఎనిమిదో జనరేషన్ ధర గుంజి కాదు.

బిల్లు ఇంకో కథ. ఇచ్చింది "ఎస్టిమేట్" అని రాసిన తెల్ల కాగితం, జీఎస్టీ నంబర్ లేదు, సీరియల్ నంబర్లు లేవు. అడిగితే పక్కా బిల్లుకు 18 శాతం అదనమట. కొటేషన్‌లో కలిపే అని రాసి ఉంది కదా అంటే, అది పాత కొటేషన్ అన్నాడు. వ్యాపారులకు వచ్చినట్టు బడులకు ఆ పన్ను క్రెడిట్‌గా కూడా తిరిగి రాదు. డబ్బిచ్చిన పాత బ్యాచ్‌ల పిల్లలకు ఈ కాగితంతో లెక్క ఎలా చూపించాలి?

కొనక తప్పనివాళ్లు శాంపిల్ చూసి డబ్బు కట్టకండి, దింపిన ప్రతి మెషీన్ ఆన్ చేసి టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్, ర్యామ్ చూశాకే మిగతా సొమ్ము ఇవ్వండి. ప్రాసెసర్ మోడల్, సీరియల్ నంబర్లు రాసిన జీఎస్టీ బిల్లు ముందే అడగండి, ఆ జీఎస్టీ నంబర్ నిజమో కాదో జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. నేను 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు పెడుతున్నాను. ఇదే షాపులో కొన్న బడులు ఉంటే కొటేషన్, చలానా ఫోటోలు తీసి నాకు మెసేజ్ చేయండి, అందరం ఒకేసారి పెడదాం.