డౌన్‌లోడ్ ఫైళ్లు తెరవడానికి, ప్రింటు తీయడానికి లిబ్రెఆఫీస్ ఎంతవరకు పనికొస్తుంది?

2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయి, ది డాక్యుమెంట్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో నడుస్తున్న ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ పనిచేస్తుంది. వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్, ఓడీటీ (లిబ్రెఆఫీస్ తనంతట తాను సేవ్ చేసే రకం), ఆర్‌టీఎఫ్ ఫైళ్లు సరేసరి. పబ్లిషర్, కోరల్‌డ్రా, పాత పేజ్‌మేకర్ ఫైళ్లను కూడా కాదనదు. పీడీఎఫ్ సంగతి పక్కన పెడితే, తెరిచే విషయంలో దీనికి పెద్దగా వంక పెట్టలేం. చిక్కు ఎక్కువగా ప్రింటు దగ్గర, అందులోనూ తెలుగు ఫైళ్లతో.

గౌతమి అనే తెలుగు ఫాంటులో టైపు చేసిన డాక్ఎక్స్ (వర్డ్ ఫైలు) అర్జీ వచ్చిందనుకోండి. విండోస్ 10, 11లలో గౌతమి ముందుగా ఉండకపోవచ్చు. అప్పుడు లిబ్రెఆఫీస్ ఏమీ చెప్పకుండా వేరే ఫాంటు పెట్టేస్తుంది. లైన్ల మధ్య ఎడం ఫాంటు ఫాంటుకీ మారుతుంది కాబట్టి ఒక్క పేజీలో ఉండాల్సింది రెండో పేజీలోకి జారుతుంది, సంతకం చోటు ఒంటరిగా మిగులుతుంది. కనిపెట్టడం తేలికే: అక్షరాల మధ్య కర్సర్ పెట్టి పైన ఫాంటు పేరు చూడండి. పేరు వాలుగా కనిపిస్తే ఆ ఫాంటు మీ దగ్గర లేదని అర్థం. విండోస్ సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ చేర్చుకుని, లిబ్రెఆఫీస్ మూసి మళ్లీ తెరవాలి.

ఫాంటు దొరక్కపోతే టూల్స్, ఆప్షన్స్, ఫాంట్స్‌లో దాని బదులు ఏది వాడాలో మనమే చెప్పొచ్చు. అక్కడ ‘స్క్రీన్ ఓన్లీ’ అనే గడిలో టిక్ పెడితే మార్పు తెర మీదే ఉంటుంది, ప్రింటుకి వర్తించదు. తెర మీద బాగుండి కాగితం మీద పాడయ్యే కారణాల్లో ఇదొకటి.

తెలుగు అక్షరాల సైజు మార్చినా మారకపోతే ఫార్మాట్, క్యారెక్టర్ తెరవండి. ఇంగ్లిష్‌కి ఒక ఫాంటు, తెలుగు లాంటి లిపులకి ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ పేరుతో ఇంకో ఫాంటు విడిగా ఉంటాయి. ఈ రెండోది కనిపించకపోతే ఆప్షన్స్‌లోని భాషల విభాగంలో టిక్ పెట్టాలి. తెలుగువాళ్లకి రోజూ అవసరమయ్యేదాన్ని ఇంత లోపల దాచడం బాగాలేదు.

తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే ఫైలు పాడైందని కంగారుపడొద్దు. అది బహుశా డీటీపీలో వాడే అను ఫాంట్లలో కంపోజ్ చేసినది. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడిగా ఉండే అక్షరాల సంకేత పద్ధతి) కావు. అదే ఫాంటు ఉంటేనే తెలుగు కనబడుతుంది. పేజ్‌మేకర్ ఫైలైతే లేఅవుట్ కూడా కదిలే ప్రమాదం ఉంది. కుస్తీ పట్టే బదులు పంపినవాళ్లనే పీడీఎఫ్ అడగడం మేలు.

లెక్కల ఫైళ్లకి లిబ్రెఆఫీస్‌లో ఎక్సెల్ లాంటి భాగమైన క్యాల్క్ చాలా బాగుంది. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలు తెరవగానే వచ్చే పెట్టెలో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8గా ఉంచండి, లేదంటే తెలుగు పేర్లు చెత్తగా మారతాయి. అదే పెట్టెలో కింద ఫోన్, ఖాతా నంబర్ల నిలువు వరుసను ఎంచుకుని రకం ‘టెక్స్ట్’ అని పెట్టాలి. పెట్టకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 15 అంకెలు దాటిన నంబర్ల చివరి అంకెలు తప్పుతాయి. ప్రింటులో నిలువు వరుసలు వేరే పేజీకి పోకుండా ఫార్మాట్, పేజ్ స్టైల్, షీట్‌లో వెడల్పుకి కుదించే స్కేలింగ్ ఎంచుకుని వెడల్పు 1 పేజీ, ఎత్తు ఖాళీగా వదలండి.

పీడీఎఫ్‌కి మాత్రం లిబ్రెఆఫీస్ వద్దు. అందులో బొమ్మలు గీసే భాగమైన డ్రాలో తెరుచుకుంటుంది గానీ వాక్యాలు ముక్కలు ముక్కల పెట్టెలవుతాయి, ఒత్తులు గుణింతాలు చెదురుతాయి. ఈ-ఆధార్ లాంటివాటికి అడోబ్ రీడర్ వాడండి. ఈ-ఆధార్ ఫైలు పాస్‌వర్డ్ పేరులో మొదటి 4 ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, వెంటనే పుట్టిన సంవత్సరం. ‘ప్లీజ్ వెయిట్’ అని మాత్రమే చూపించే పీడీఎఫ్ ఫారాలు చాలా బ్రౌజర్లలో ఎంతసేపు ఆగినా తెరుచుకోవు. వాటికీ రీడరే మేలు. తెర మీద తెలుగు బాగుండి ప్రింటులో గజిబిజి అయితే రీడర్ ప్రింట్ పెట్టెలో అడ్వాన్స్‌డ్ నొక్కి ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ పెట్టండి. కాస్త నెమ్మదిగా వస్తుంది, తప్పు మాత్రం రాదు.

ప్రింటరు ఇంట్లో లేకపోతే జిరాక్స్ షాపుకి డాక్ఎక్స్ పట్టుకెళ్లొద్దు. అక్కడి కంప్యూటర్లో మీ ఫాంటు ఉంటుందన్న హామీ లేదు. లిబ్రెఆఫీస్‌లోనే ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్ చేస్తే ఫాంటు ఫైల్లోనే కలిసిపోతుంది. చేసేముందు పేజ్ స్టైల్‌లో కాగితం సైజు చూడండి: అమెరికా నుంచి వచ్చిన ఫైళ్లు లెటర్ సైజులో, అంటే 216×279 మిల్లీమీటర్లలో ఉంటాయి, మన ఏ4 210×297. షాపులో ‘యాక్చువల్ సైజ్’లో తీయమనండి, ‘ఫిట్’లో తీస్తే కొలతలు తగ్గి ఫారంలోని ఫొటో గడి చిన్నదైపోవచ్చు.