కాస్ పీఠభూమి: వంగి చూసే ఓపిక ఉంటేనే వెళ్లండి

రేటింగ్: 4/5

మహారాష్ట్రలోని సాతారా నుంచి పాతిక కిలోమీటర్లు ఘాట్ రోడ్డు ఎక్కితే కాస్ వస్తుంది. ఫొటోల్లోని రంగురంగుల పూల తివాచీని ఊహించుకుని కారు దిగినవాళ్లు మొదట కాస్త నీరుగారిపోతారు. మా నాన్న అయితే "పుణె నుంచి ఇంత దూరం తెచ్చింది ఈ గడ్డి చూపించడానికా?" అనేశారు. ఇక్కడి పూలు చాలావరకు చిటికెన వేలి గోరంతే. గొంతుక్కూర్చుంటే తప్ప వాటి సంగతి తెలియదు.

తడి బండ మీద ఊదారంగులో గుంపులుగా ఉన్నది ఉట్రిక్యులేరియా. మరాఠీవాళ్లు సీత కన్నీళ్లు అంటారు. చూడ్డానికి ఎంత సుకుమారమో, చేసేది మాత్రం వేట. నీళ్లలో దాగిన చిన్న తిత్తులతో నీటిపురుగుల్ని లోపలికి లాగేస్తుంది. పక్కనే డ్రాసెరా అనే ఇంకో పురుగులు తినే మొక్క, ఎర్రటి నూగు చివర జిగురు బొట్లతో. ఒక ఆకుకి దోమలాంటిదేదో అతుక్కుని ఇంకా కాళ్లు ఆడిస్తోంది. లాటరైట్ అనే ఈ ఎర్రరాతి బండ మీద మట్టి పలచన, అందులో సారం తక్కువ. అందుకే వీటికి పురుగులు కావాలి. పెద్ద చెట్లు పెద్దగా కనిపించకపోవడానికీ ఆ పలచటి మట్టే కారణం. 2012లో పశ్చిమ కనుమల్లోని 39 చోట్లను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కాస్ కూడా అందులో ఉంది.

మా అమ్మది సిద్దిపేట. బతుకమ్మ దగ్గరపడింది కదా, పూలు కనపడగానే చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. కాపలా అబ్బాయి ఈల వేశాడు. "ఒక్కటేనే బిడ్డా" అంది నాతో. "ఒక్కటి కూడా తెంపొద్దమ్మా" అని చెయ్యి పట్టుకున్నా. ఆ అబ్బాయే నాన్నని పిలిచి స్మితియా చూపించాడు. పసుపు రేక మీద రెండు ఎర్ర చుక్కలు, అందరూ మిక్కీ మౌస్ పువ్వు అంటారట. ఇక నాన్న అక్కణ్ణుంచి లేస్తే ఒట్టు!

ఒక స్టార్ తగ్గించింది జనం వల్ల. సెల్ఫీ కోసం బాట దిగి పూలమీదే కూర్చునేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఆదివారం అస్సలు వద్దు. సెప్టెంబరులో, మామూలు రోజు, పొద్దున్నే వెళ్లండి. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ఏడేళ్లకోసారి విరగబూసే టోప్లీ కార్వీ కోసమే అయితే, అది ఏ ఏడాదో కనుక్కుని బయల్దేరండి. గొడుగు గాలికి నిలవదు, రెయిన్‌కోటే మేలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే మడతపెట్టే చిన్న స్టూలు పట్టుకెళ్లండి.