రాయగడ టిఫిన్ హోటల్: పూరీ ఒక ఎత్తు, బల్ల దగ్గర చర్చ ఒక ఎత్తు

ఒడిశాలోని రాయగడ స్టేషన్‌కి వెళ్లే దారిలో బోర్డు కూడా లేని చిన్న హోటల్. పూరీ చెప్పండి, పక్కన వేడి బఠాణీల గుగుని పోసి పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇస్తారు, అది మాత్రం వదలొద్దు. ఇడ్లీ గట్టి, చట్నీ నీళ్లు.

అయినా సగం మంది వచ్చేది కబుర్ల కోసమే. మొన్న రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌కి రెండోసారి పదవి ఇవ్వొచ్చా అని మొదలైంది. రిటైరైన మాస్టారు, "మాజీ గవర్నర్ శక్తికాంత దాస్ మన భువనేశ్వర్‌లో పుట్టినవాడు, కోవిడ్‌లో గట్టెక్కించాడు, 2021లో ఇంకో మూడేళ్లు ఇచ్చి మంచి పని చేశారు" అన్నారు. కిరాణా కొట్టు బావ ఊరుకుంటాడా! "మీకేం మాస్టారూ, పెన్షనొస్తుంది. బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ అప్పిచ్చే వడ్డీ, అదే రెపో రేటు, 2022 మేలో 4 శాతం ఉంటే దాన్ని 2023 ఫిబ్రవరికల్లా 6.5 చేశాడు, నా ఇంటి లోన్ ఏళ్ల తరబడి సాగుతోంది" అని ఒకటే గోల. ధరలు మండుతుంటే రేటు పెంచక ఏం చేస్తారు, అందులో బావ మాట నేను ఒప్పుకోను.

నన్నడిగితే చిక్కు మనిషితో కాదు, మూడేళ్ల గడువుతో. చట్టం ఒకేసారి ఐదేళ్ల దాకా ఇవ్వొచ్చంటుంది, మనం మూడేళ్లిచ్చి చివర్లో టెన్షన్ పెడతాం. అంతకు ముందు గవర్నర్‌గా చేసిన రఘురామ్ రాజన్ 2016లో మూడేళ్లకే వెళ్లిపోయారు. పొడిగింపు ఢిల్లీ చేతిలో ఉంటే ఎంత గట్టివాడైనా ఓ కన్ను అటేస్తాడు కదా.

టీ బాగుంటుంది, చక్కెర తక్కువ అని ముందే చెప్పండి. ఆదివారం కూర్చోడానికి చోటు దొరకదు.