రైతుల టేకు దుంగలు కొనేవారికి హెచ్చరిక: బెరడు మీద కొలత, రంగు కింద తెల్లచెక్క

చిన్న రైతులు పొలం గట్ల మీద పెంచిన టేకును దళారి ద్వారా కొనాలనుకుంటున్నవారు బయానా ఇచ్చే ముందు నా అనుభవాన్ని ఒకసారి చదవాలని కోరుతున్నాను. తలుపులకు, కిటికీలకు కావాలని నేను ఒక దళారి దగ్గర 14 దుంగలు కొన్నాను. అవి 25 ఏళ్ల చెట్లనీ, నిండా చేవ (చెట్టు నడిమిన ఉండే ముదురు, గట్టి చెక్క) ఉందనీ, రెండేళ్లుగా ఆరుతున్నాయనీ అతడు చెప్పిన మూడు మాటల్లో ఒక్కటీ నిలబడలేదు.

మొదటి నష్టం టేపు దగ్గరే జరిగింది. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చవేసే పద్ధతి కలప వ్యాపారంలో పాతది. ఆ లెక్క గుండ్రటి దుంగ అసలు ఘనపరిమాణంలో సుమారు 78.5 శాతాన్నే చూపుతుంది కాబట్టి, కోతలో పోయే తరుగు అక్కడే సర్దుకుంటుందని కొనేవారికి ఒక ధీమా ఉంటుంది, నాకూ ఉండింది. అయితే చుట్టుకొలతను దానితోనే గుణిస్తున్నాం కనుక, టేపులో వచ్చిన చిన్న తేడా లెక్కలో దాదాపు రెండింతలవుతుంది. అతడు బెరడు మీదనే, అదీ లావుగా ఉండే మొదలు వైపు కొలిచాడు. 36 అంగుళాలని రాసిన ఒక 8 అడుగుల దుంగకు తరవాత బెరడు ఒలిపించి అదే చోట కొలిస్తే 33 అంగుళాలు వచ్చింది. అంటే 4.5 ఘనపుటడుగులకు డబ్బు కట్టిన నాకు, ఆ మొదలు కొలత ప్రకారమే చూసినా, దక్కింది 3.8 లోపే. నడిమిన కొలిస్తే అదీ తగ్గింది.

దుంగల కొసలకు ముదురు గోధుమ రంగు పూసి ఉంది. కొసల నుంచి తేమ వేగంగా పోయి పగుళ్లు రాకుండా రంగో మైనమో పూయడం మంచి అలవాటే కాబట్టి, జాగ్రత్త తెలిసిన మనిషనుకుని లోలోపల మెచ్చుకున్నాను కూడా. కోత మిల్లులో మొదటి దుంగ మొదలు నుంచి రెండంగుళాల బిళ్ల కోయించగానే సంగతి బయటపడింది. పదిన్నర అంగుళాల అడ్డుకొలతలో చేవ ఏడంగుళాలే. చుట్టూ పాలిపోయిన తెల్లచెక్క. అడ్డుకొలతలో మూడింట రెండు వంతులు చేవే కదా అనిపిస్తుంది గానీ, వైశాల్యంలో అది తొమ్మిదింట నాలుగు వంతులే. టేకులో ఏడాదికొకటి చొప్పున పడే వలయాలు కంటికి స్పష్టంగా తెలుస్తాయి కనుక గోటితో ఒక్కొక్కటీ నొక్కుతూ రెండుసార్లు లెక్కపెట్టాను. రెండుసార్లూ 13 వచ్చాయి.

టేకుకున్న పేరంతా చేవది. తెల్లచెక్కలో చెదను, శిలీంధ్రాన్ని ఎదిరించే గుణం ఉండదు. పైగా అందులోని పిండిపదార్థం పురుగుకు ఆహారం. మూడో నెలలో పేర్చిన పలకల కింద, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తని పొడి చిన్న చిన్న కుప్పలుగా కనిపించింది. పైన పలకను తిప్పి చూస్తే గుండుసూది తలంత రంధ్రాలు ఉన్నాయి, అన్నీ తెల్లచెక్కలోనే.

ఇక ఆరిన కలప సంగతి. అతడు తేమ కొలిచే పిన్నుల మీటరును దుంగకు గుచ్చి 14 శాతం చూపించాడు. ఆ పిన్నులు పైపొరనే చదువుతాయి. నేను దుంగ మధ్యలోంచి ఒక ముక్క తీయించి తూచాను, 500 గ్రాములుంది. దాన్ని 103 డిగ్రీల వేడిలో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచితే 320 గ్రాములు మిగిలింది. పోయిన 180 గ్రాములను ఎండిన బరువుతో భాగిస్తే తేమ 56 శాతం. తేమ సుమారు 30 శాతం కంటే తగ్గాకే కలప కుంచించుకోవడం మొదలవుతుంది, అదీ వలయాల వెంబడి ఎక్కువగా, వాటికి అడ్డంగా సుమారు సగమే. అందువల్ల తొందరపడి చేయించిన రెండు తలుపుల పలకలు దొప్పల్లా వంగిపోయాయి.

ఇందులో రైతు తప్పు లేదని నొక్కి చెప్పాలి. ఆరా తీసి ఆయనను కలిశాను. చెట్లను నిలువునా, కొలత లేకుండా, దళారి కంటి అంచనాకే గుత్తగా ఇచ్చేశాడు. నాటి 13 ఏళ్లయిందని దాచకుండా చెప్పాడు. ఎడం తీయకుండా వత్తుగా పెంచడంతో మొక్కలు సన్నగా ఎదిగాయని ఆయనే అన్నాడు. 13 ఏళ్ల చెట్టును 13 ఏళ్ల చెట్టుగా అమ్మితే, చిన్న పనులకు నేనే కొనేవాణ్ణి.

కాబట్టి వీలైతే రైతునే కలిసి, నాటిన సంవత్సరం అడగండి. బెరడు ఒలిపించి నడిమిన కొలవండి, రంగు పూసిన కొసను మీ ముందే కోయించండి, ప్రతి దుంగ కొలతా రసీదులో రాయించండి. నా రసీదులో ఉన్నది దుంగల సంఖ్య, మొత్తం సొమ్ము మాత్రమే. అందుకే ఫిర్యాదు చేసినప్పుడు చూపించడానికి నా చేతిలో ఏమీ లేకపోయింది. కోత పడ్డ దుంగలను వెనక్కి తీసుకోనని అతడు తేల్చేశాడు, కోయని తొమ్మిదింటి గురించి ఫోను ఎత్తడం లేదు. ఆ తొమ్మిదింటికీ బెరడు తీయించి, కొసల రంగు గీకించి, చేవ ఎన్ని అంగుళాలుందో సుద్దతో కొస మీదే రాసి నీడలో పేర్చాను.