మోటారు లేని మురుగు శుద్ధి: కొన్నేళ్లు వాడాక

శంకర్‌పల్లి వైపు మా లేఅవుట్‌కు నగరపు మురుగు పైపు ఇంకా రాలేదు. నలభై ఇళ్ల దాకా ఉంటాయి. ఈ చుట్టుపక్కల పడ్డ వాన గండిపేట వైపే పారుతుంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ జలాశయంలోకి మా స్నానాల గదుల నీళ్లు వదలడానికి ఎవరికీ మనసొప్పలేదు. అందుకే కరెంటు అక్కర్లేని శుద్ధి పెట్టించుకున్నాం.

ముందు మురుగు ఒక తొట్టిలో తేరుకుంటుంది. తర్వాత వరుసగా ఉన్న అరల్లో ప్రతిసారీ అడుగు దాకా దిగి, అక్కడి మడ్డిలోంచి పైకి లేస్తుంది. గాలి అవసరం లేని సూక్ష్మజీవులు ఆ మడ్డిలోనే ఉండి మలినాన్ని తినేస్తాయి. ఆపైన మెట్టతామర నాటిన కంకర మడి, చివర చిన్న కుంట. మా ఎండలు ఆ సూక్ష్మజీవులకు బాగా సరిపడ్డాయి. కరెంటు పోయినా పని ఆగదు. మోటారుతో గాలి ఊదే ప్లాంటు ఉన్న అపార్ట్‌మెంట్ల వాళ్లు నెలనెలా కరెంటు బిల్లు చూసి తలపట్టుకుంటుంటే మేం నిశ్చింతగా ఉన్నాం.

కట్టినాయన మాత్రం 'ఇక దీన్ని చూడనే అక్కర్లేదు' అన్నాడు. అది శుద్ధ అబద్ధం. అసలు కథంతా వంటింటి నీటి దారిలో ఉన్న జిడ్డు తొట్టిదే. అది నిండితే నూనె కంకర దాకా వెళ్తుంది, సందులు పూడుకుపోతాయి, కింద పారాల్సిన నీరు పైకి ఉబికి దోమలు పుడతాయి. ఒకసారి దసరా పిండివంటల తర్వాత మాకు అదే జరిగింది. మడి ముందు భాగంలోని కంకర తవ్వి, కడిగి, మళ్లీ పోయించాల్సి వచ్చింది. ఆ వాసన గురించి రాయను. ఇప్పుడు వారం వారం మూత తీసి జిడ్డు ఎత్తిస్తున్నాం.

రెండో తలనొప్పి డాబా వాన నీరు. 'ఒక్క పైపుతో ఏమవుతుందండీ' అంటూ దాన్ని మురుగులో కలిపేవాళ్లు ఉన్నారు. జోరువాన పడితే అరల్లోని మడ్డి అంతా కొట్టుకొచ్చి కంకర మీద కూర్చుంటుంది. మరుగుదొడ్లలో యాసిడ్ గుమ్మరించడం కూడా మానాలి, సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

బయటికొచ్చే నీటికి కొంచెం పసుపు ఛాయ ఉంటుంది, దుర్వాసన దాదాపు లేదు. అందులో నత్రజని, భాస్వరం మిగిలే ఉంటాయి కాబట్టి కొబ్బరి, అరటి ఏపుగా పెరిగాయి. క్రిములు పూర్తిగా పోవు, కాబట్టి పచ్చిగా తినే కొత్తిమీరకు నేనైతే పోయను.

దీనికి స్థలం కావాలి. మాకు ఒక ప్లాటంత పోయింది. ఇక్కడి భూమి ధరలకు అదే అసలు ఖర్చు. దాన్ని అమ్మేద్దామని సంఘం సమావేశాల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అంతస్తుల మీద అంతస్తులు ఉన్నచోట ఇది కుదరదు. విడి ఇళ్లు, కాస్త నేల, మూత తీయించే ఓపిక ఉన్నవాళ్లకు ధైర్యంగా చెబుతాను.

కట్టించే ముందు ఒకటి అడగండి: మడ్డి లాగే ట్యాంకరు తొట్టి పక్కదాకా రాగలదా? రెండుమూడేళ్లకోసారి అది రావాలి, కొంత మడ్డి లోపలే వదలాలి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని లోపలికి దించడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం, పైగా విషవాయువులు ప్రాణం తీస్తాయి. మా తొట్లు పార్కు వెనక కట్టారు, ట్యాంకరు గొట్టం అక్కడికి అందదు. వచ్చినప్పుడల్లా అదనపు గొట్టానికి వేరే డబ్బులిస్తున్నాం.